గర్భిణికి నిద్ర



నేడు నేను మాటాడబోవునది గర్భిణీ స్త్రీల నిద్రనుగూర్చి. ఇది ఆడువారి ముచ్చట, దీనితో మాకేమి పని యని మీలో కొందరు తలపవచ్చును. కాని కోడలు ఎప్పుడు లేవవలయును, ఏ వేళకు భుజింపవలయును అను కట్టడి చేయువారు మీరే గదా! అందుచేతనే మీతో చెప్పుచున్నాను.

తొలి మూడు నెలలలో ఆమెకు పగలంతయు మగతగా నుండును. అది సోమరితనము కాదు. గర్భమును నిలుపుటకై దేహములో ఊరు రసమే మత్తునుగూడ కలిగించును. మధ్యాహ్నము ఒక గడియసేపు కన్నుమూయనిచ్చిన ఇంటిపని యేమియు చెడదు.

నెలలు నిండుకొలది పగలు అలసట, రాత్రి జాగరణ. గర్భకోశము మూత్రాశయమును అదుముటచే పలుమారులు లేవవలసివచ్చును. అందులకై నీరు మానుమనుట తప్పు. పగలు నిండుగ త్రాగి, ప్రొద్దుగ్రుంకిన పిదప తగ్గించిన చాలును. పులిత్రేనుపులు, గుండెలలో మంటయు నిద్రను చెరచును. అందరును తిన్న పిమ్మట కోడలు తిను ఆచారము ఇచ్చట హాని చేయును. ఆమె పెందలకడ కొంచెముగ తిని, రెండు మూడు గంటలు గడచిన పిదప తలవైపు ఎత్తుచేసికొని పరుండవలయును.

ఇక పరుండు తీరు. ప్రక్క మారునప్పుడెల్ల లేచి కూర్చుండి మరల పరుండవలెననియు, లేనిచో పేగు బిడ్డ మెడకు చుట్టుకొనుననియు మన పల్లెలలో చెప్పుదురు. రాత్రికి పదిమార్లు లేచి కూర్చుండునామెకు నిద్ర యెక్కడిది? పేగు చుట్టుకొనుట బిడ్డ లోపల కదలుటచే జరుగును గాని తల్లి పొరలుటచే గాదు. ఆమెను హాయిగ తిరుగనిండు. పట్టింపవలసిన నియమము వేరొకటి కలదు. 28 వారములు నిండినది మొదలు వెల్లకిల పరుండి నిద్రకు ఉపక్రమింపరాదు. క్రిందినుండి గుండెకు రక్తము గొనిపోవు పెద్ద సిర గర్భము బరువునకు అణగి, బిడ్డకు పోవు రక్తము తగ్గును. అట్లు పరుండు తల్లులకు కడపటి నెలలలో బిడ్డ కడుపులోనే చనిపోవు అపాయము హెచ్చని పలుదేశముల పరిశోధనలలో తేలినది. మొత్తముమీద ఆ అపాయము స్వల్పమే. అయినను తప్పించుకొనుటకు కాసు ఖర్చులేదు. ఎడమప్రక్కయైనను కుడిప్రక్కయైనను సరియే. నడురేయి మెలకువ వచ్చి వెల్లకిల నున్నచో, బెదరక ప్రక్కకు తిరుగవలెను. మోకాళ్ల నడుమ పాతచీర మడత యుంచిన నడుమునకు హాయి.

కాళ్లలో చీమలు ప్రాకినట్లుండి, కదలించినగాని ఊరట కలుగని బాధ యొకటి యున్నది. దానిని విని నవ్వువారే యెక్కువ. తరచుగ అది దేహములో ఇనుము కొరవడుటకు గుర్తు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రెండు తెలుగు రాష్ట్రములందును గర్భిణులలో సగమునకు పైబడి రక్తహీనులని తేలినది. ఆశా కార్యకర్త యిచ్చు ఇనుపమాత్రలను నీటితోనే మ్రింగవలయును. వెంటనే టీ త్రాగినచో ఇనుము ఒంటబట్టదు. సాయంకాలపు టీ నిద్రనుగూడ చెడగొట్టును.

ఇవి యేమియు లేకయే నిద్రరానివారు గలరు. వారిది కాన్పు భయము. ఈమారైన మగబిడ్డయేనా యని భోజనముల వేళ మీరాడు మాట రాత్రియంతయు ఆమె తలలో మెదలుచుండును. ఆ మాట మానుటకు వైద్యుని చీటి యక్కరలేదు. నిద్రమాత్రలుమాత్రము వైద్యుడు చెప్పక కొని ఇయ్యరాదు.

కొన్నిటికి తెల్లవారువరకు కాచియుండరాదు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, ముఖము చేతులు ఉబ్బుట, బిడ్డ కదలిక తగ్గుట కనబడినచో 108కి ఫోను చేసి ఆ రాత్రియే ఆసుపత్రికి కొనిపోవలయును. దద్దురు లేకయే అరచేతులు, అరికాళ్లు రాత్రివేళ దురదపెట్టుట కాలేయదోషము కావచ్చును. మరునాడే రక్తపరీక్ష చేయింపవలెను. క్రొత్తగ గురక మొదలైనచో రక్తపుపోటు చూపింపుడు.

2016 నుండి ప్రతి మాసము 9వ తేదీని ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచితముగ పరీక్షలు జరుగుచున్నవి. నిద్రపట్టని సంగతి అచ్చట చెప్పుటకు కోడలు సిగ్గుపడవచ్చును. తోడుపోవు అత్తగారు చెప్పుట మేలు.