కూలి పెంపు అడుగు విధము
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఇప్పుడే పంతులుగారు పంచాంగము చదివి రాశులవారీగా ఆదాయ వ్యయములు వినిపించారు. ఆదాయము తక్కువ, వ్యయము ఎక్కువ వచ్చినవారి ముఖములు మేము చూస్తూనే ఉన్నాము. అది గ్రహముల లెక్క. తిరుత్తణి, పళ్ళిపట్టు, పొదటూరుపేట వైపున మరమగ్గముల మీద కూలికి నేయుచున్న మనవారి లెక్క వేరే ఉన్నది. దానిని చదివే పంతులు లేడు.

మగ్గము నేతగానిది, నూలు షావుకారుది, కూలి మీటరుకు ఇంత అని. ఇతడు నౌకరూ కాడు, యజమానీ కాడు. మా వంటి రైల్వే గుమాస్తాలకు ధరల సూచిని బట్టి జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి కరువు భత్యము లెక్కకట్టి ఇస్తారు. మేము నోరు తెరవనక్కర లేదు. కూలినేతవానికి అడగనిదే దమ్మిడీ పెరగదు. అడిగేవాడు లెక్కతో అడగవలెను.

మాటవరసకు మీటరుకు 10 రూపాయలు, రోజుకు 60 మీటర్లు అనుకొందాము. 600 రూపాయలు సంపాదించానని అతడనుకొంటాడు. కండెలు చుట్టినవారికి 120, నూనెకు, విడిభాగములకు 40 పోగా మిగిలేది 440. నెలకు 26 పని దినములలో పడుగు రాక ఆరు రోజులు మగ్గము ఊరకున్నదా, 20 రోజులకు వచ్చిన 8,800ను 26 రోజులకు పంచుకోవలెను. రోజుకు 338 రూపాయలు! ఈ కాగితము ముందు పెట్టి మీటరుకు ఒక రూపాయి అడిగితే షావుకారు వినక తప్పదు. "కష్టముగా ఉన్నదయ్యా" అన్న మాట ఆయన రోజూ వింటున్నదే.

"కరెంటు మీకు ఉచితమే గదా" అని ఆయన అనవచ్చును. తమిళనాడు ప్రభుత్వము మరమగ్గములకు రెండు నెలలకు 750 యూనిట్లుగా ఉన్న ఉచిత విద్యుత్తును 2023లో 1000 యూనిట్లు చేసిన మాట నిజమే. కాని అది నేతగానికి ఇచ్చినది; షావుకారుగారి కూలి ఖాతాలో జమ కట్టుటకు కాదు.

ఎప్పుడు అడగవలెనన్నది అన్నిటికంటె ముఖ్యము. షావుకారు పట్నపు వ్యాపారికి గుడ్డ ధర ఒప్పుకొన్న తరువాత అడిగితే, పెంచే ప్రతి పైసా ఆయన లాభములోనుంచే పోవలెను, ఒప్పుకోడు. ఆర్డరు తీసుకొనక ముందే అడిగితే దానిని కూడ ధరలో వేసుకొంటాడు. బీము మీద సగము నేసిన పడుగును ఆపి బెదిరించుట మాత్రము మర్యాద కాదు. అది పూర్తిచేసి అడగండి. ఒంటరిగా అడగవద్దు, మీ పడుగు పక్కింటికి పోవును. వీథివారందరు కూడి ఒకే రేటు చెప్పవలెను.

బేరములో ఇచ్చిపుచ్చుకొనుట ఉండును. ఈ సీమ ఎల్లలే అట్లు తెగినవి. పటాస్కరుగారి మధ్యవర్తిత్వము మీద 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రమునకు, చెంగల్పట్టు జిల్లాలోని సత్యవేడు వైపు గ్రామములు ఆంధ్రకు పోయినవి. ఎవరికీ పూర్తిగా తృప్తి లేదు, తగవు మాత్రము తీరినది. రూపాయి రాకపోతే అర్ధరూపాయి పుచ్చుకొని, పడుగు లేని రోజులకు కొంత భత్యమో, త్వరగా పైకమో అడగండి. పైకము విషయములో చట్టము ఉన్నది. 2006నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టము ప్రకారము, ఉద్యమ్‌లో నమోదైన చిన్న పనివానికి ఒప్పందము ఏమున్నను 45 రోజులు దాటకుండా సొమ్ము చెల్లించవలెను. వ్రాతలో ఒప్పందము లేకపోతే గడువు 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. నమోదుకు రుసుము లేదు. ఎవరైన డబ్బు అడిగితే ఇవ్వకండి.

వచ్చే ఆదివారము ఉదయము మేము ఇక్కడే కూర్చుంటాము. లెక్క వ్రాయించుకొనదలచినవారు ఆరు నెలల కూలి చీటీలు, విడిభాగములు కొన్న రసీదులు తెచ్చుకొనవలెను. చీటీలు లేనివారు నేటినుంచి ఒక నోటుపుస్తకములో వ్రాసిపెట్టుకొని, పడుగు లేక ఊరకున్న రోజులను కూడ అందులో గుర్తించండి.