గాలి ఆగిన వేళ

కరేబియన్ సముద్రంలో టోర్టోలా అనే దీవి ఉంది. అక్కడ తెరచాప పడవను ఒక దినానికి అద్దెకు తీసుకున్నారనుకోండి. డ్రేక్ జలసంధిలో ఇరువైపులా దీవులు అడ్డుగా ఉంటాయి గనుక అలలు అంతగా లేవవు. తూర్పుగాలికి ఎదురుగా, కాసేపు అటు, కాసేపు ఇటు వంకరగా సాగాలి. పిల్లలకు అదే సరదా! మధ్యాహ్నానికి సాల్ట్ ఐలాండ్ చేరతారు. నీళ్లలోకి తొంగిచూస్తే అడుగున 'రోన్' అనే ఆవిరి ఓడ కనబడుతుంది.

ప్రియులారా, దాని సంగతి వినండి. 1867 అక్టోబరు 29. తుఫానుల కాలం దాటిపోయిందని ఆ కెప్టెన్ తలంచాడు. తుఫాను రానే వచ్చింది. ఓడ తట్టుకొని నిలిచింది. అంతలో గాలి ఆగింది. అది తుఫాను కన్ను. ఆ సందులో బయటి సముద్రానికి పోదామని ఓడ కదిలింది. గాలి ఈసారి వేరే దిక్కునుండి లేచి, దానిని సాల్ట్ ఐలాండ్ బండలకు కొట్టింది. 120 మందికి పైగా చనిపోయారు. దీవిలోని బీదజనులు దొరికినవారిని పాతిపెట్టారు.

ఆ సమాధులు ఒడ్డుననే ఉన్నాయి. చీకటి పడకముందే తిరిగి రావాలి గాని, ఒక్కసారి దిగి చూడండి.