వేళ్లను విడదీసే చావు

కడుపులో శిశువు చేతివేళ్లు ఒక్కొక్కటిగా మొలుచుకొస్తాయని చాలామంది అనుకుంటారు. జరిగేది వేరు. నాలుగో వారంలో పిండం పక్కన చిన్న బుడిపెగా చేయి మొదలవుతుంది, కాలు ఒకటి రెండు రోజులు వెనకగా. ఆరో వారానికి బుడిపె చివర తెడ్డులా చదునవుతుంది. అందులో వేళ్ల ఆనవాళ్లు ఉంటాయి గాని సందులుండవు. ఆ సందుల్లోని కణాలు తమంతట తామే చనిపోతాయి. ఎనిమిదో వారం ముగిసేసరికి వేళ్లు విడివడతాయి. ఇక్కడ చావు కూడా నిర్మాణంలో భాగమే.

రక్తం అందకే ఆ కణాలు పోతున్నాయేమో కదా అనవచ్చు. దానికి జవాబు బాతు దగ్గరుంది. దాని కాలివేళ్ల మధ్య కణాలకూ చావమనే సంకేతం అందుతుంది. గ్రెమ్లిన్ అనే ప్రోటీన్ దాన్ని అడ్డుకోవడంతో పొర మిగిలిపోతుంది. అదే ప్రోటీన్‌ను కోడి పిండం వేళ్ల సందున పెట్టి చూస్తే కోడికీ పొర మిగిలింది! కాబట్టి ఇది ప్రమాదం కాదు, ఆజ్ఞ. కోడి సంగతి మనిషికి చెల్లుతుందా? మనిషి పిండంపై అలాంటి ప్రయోగం చేయకూడదు. అయితే కొందరు పిల్లలు వేళ్లు కలిసి పుడతారు. చాలాసార్లు లోపలి ఎముకలు విడిగానే ఉంటాయి, బాతుకు పొర మిగిలినట్టే నడుమ చర్మమే మిగిలి ఉంటుంది. గ్రహణం వల్లే ఇలా పుట్టారని నెపం వేయనక్కర్లేదు. ఆ చర్మాన్ని శస్త్రచికిత్సతో విడదీస్తారు.