ఓడిన రాత్రి ఎవరింటికి పోవాలె?

(గౌలిగూడలో ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్న విద్యార్థుల సమావేశంలో ఒక రిటైర్డ్ ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



విజయం ఎట్లా సాధించాలో చెప్పమని పిలిచిన్రు. ఆ విద్య నాకు రాదు. నేను గుమాస్తాగా చేరి గుమాస్తాల మీద సూపరింటెండెంటుగా దిగిపోయినోణ్ని. ఓడిపోవుడు మాత్రం నాకు బాగ తెలుసు. గ్రూప్-2 మూడుసార్లు రాసిన, మూడుసార్లు తప్పిన. మూడోసారి లిస్టుల నా నంబరు లేదని తెలిసిన నాడు ఊరికి పోదామని ఇదే గౌలిగూడ బస్టాండుకు వచ్చిన. మా ఊరి దిక్కు పోయే బస్సులు కండ్ల ముందట మూడు పోయినయి. ఎక్కలేదు. నాయినకు ఏం చెప్పాలె? వాడకట్టోళ్లు ఏమంటరు? నాకు అయిన భయం ఆకలి గురించి కాదు, నలుగురు నవ్వుతరని.

భయాలు రెండు తీర్లుంటయి. ఆ బస్టాండు సంగతే చూడుండ్రి. ఇనుప రేకుల ఆ పెద్ద షెడ్డు 2018 జులై 5న తెల్లవారుజామున కుప్పకూలింది. ఎవరికీ ఏం కాలేదు. ఎందుకు? ప్రమాదముందని భయపడి, కొద్ది రోజుల ముందే బస్సులు ఆపి ఖాళీ చేయించిన్రు. ఇది పనికొచ్చే భయం. సిలబస్ అయిపోలేదన్న భయం కూడ అసొంటిదే. దాని మాట వినాలె. రెండోది, నవ్వుతరనే భయం. అది మనల్ని కాపాడదు, కాళ్లు కట్టేస్తది.

ఈ రెండో భయానికి మందు ఎక్కడ దొరికిందో తెలుసా? ఈ గౌలిగూడ పక్కనే, వివేకవర్ధని థియేటర్‌ల. 1921 నవంబరుల అక్కడ నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. ఉపన్యాసాలన్నీ ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీలల్ల నడుస్తున్నయి. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగుల మాట్లాడబోయిండు. సభల ఎగతాళి మొదలైంది. చప్పట్లు కొట్టిన్రు. మెచ్చుకొని కాదు, కూసోబెట్టెటందుకు. రాజ్యంల ఎక్కువ మంది మాట్లాడే భాష, రాజధాని నడిబొడ్డున నోరెత్తలేకపోయింది.

ఒక వకీలుకు నిండు సభల ఇంతకన్న ఓటమి ఏముంటది? ఆయన ఒక్కడే ఇంటికి పోయి తలుపేసుకుంటే కథ అక్కడే ఖతం. కని ఆ రాత్రి టేకుమాల రంగారావు ఇంట్ల పది పన్నెండు మంది కూడిన్రు. వాళ్లల్ల మాడపాటి హనుమంతరావు ఉన్నడు, బూర్గుల రామకృష్ణారావు ఉన్నడు. అవమానాన్ని ఒక్కని మీద వేయలేదు, అందరు పంచుకున్నరు. తెల్లారకముందే ఆంధ్ర జనసంఘం పుట్టింది. దాని బాటల ఊరూర గ్రంథాలయాలు లేచినయి. 1930ల జోగిపేటల సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. చప్పట్లతోని నోరు మూయించిన తొమ్మిదేండ్లకే.

ఇంకో ముచ్చట. 1928ల మాడపాటివారు నారాయణగూడల ఆడపిల్లలకు తెలుగు మీడియం బడి పెట్టిన్రు. ఉస్మానియాల చదువు ఉర్దూల. తెలుగుల చదివిన పిల్లలకు గుర్తింపు ఎవరిస్తరు? చివరికి పూనాల కార్వే పెట్టిన మహిళా విశ్వవిద్యాలయం ఇచ్చింది. అవును, ఆ సభకు అధ్యక్షత వహించిన కార్వేనే. ఓడిన కాడ పరిచయమైనోళ్లు ఎప్పుడు ఏ తలుపు తీస్తరో ముందుగాల తెల్వదు. అందుకే ఓటమిని చూసి తలుపులు మూసుకోవద్దు.

నేను ఈ మాట ఎందుకు నొక్కి చెప్తున్ననంటే, 2019 ఏప్రిల్‌ల ఇంటర్ ఫలితాలొచ్చినంక మన రాష్ట్రంల ఇరవై మందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్నం. ఒక మెమో కాయితం బిడ్డల కన్న బరువైంది. తప్పు పిల్లలది కాదు. ఆ రాత్రి మా దగ్గరికి రా బిడ్డా అని చెప్పనోళ్లం, మనందరిది.

మొదట చెప్పిన బస్టాండు దగ్గరికే వస్త. నాలుగో బస్సు కూడ ఎక్కలేదు. కోఠిల ఒక సోపతిగాని రూముకు పోయిన. వాడు నీతులు చెప్పలేదు. కిరోసిన్ స్టవ్వు మీద అన్నం వండి పెట్టిండు. తెల్లారి క్లర్కు పరీక్ష దరఖాస్తు నా ముందట పెట్టిండు. ఆ కాయితమే నాకు ముప్పై ఏండ్లు తిండి పెట్టింది.

అందుకే మీకు చెప్పేది మూడే మాటలు. ఒకటి, ఫలితం రాకముందే, తప్పితే ఎవరింటికి పోవాల్నో ఖాయం చేసుకోండ్రి. ఆ మనిషికి ఇయ్యాల్నే చెప్పుండ్రి. రెండు, తప్పిన పేపరును మూడు రోజులైనంక దోస్తులతోని కూసొని చదువుండ్రి. ఎక్కడ మార్కులు పోయినయో లెక్క తీయుండ్రి. లెక్కకు వచ్చిన భయం చిన్నగైతది. మూడు, ఇంకో తొవ్వ ఒకటి పక్కన పెట్టుకోండ్రి. అది పిరికితనం కాదు, పనికొచ్చే భయం చెప్పిన బుద్ధి.

ఇక్కడ కూసున్న ఉద్యోగులకు ఒక విన్నపం. రిజల్టు వచ్చిన నాడు ఎంత ర్యాంకు అని ఫోన్ చేయకుండ్రి. అన్నం తిన్నవా అని చేయుండ్రి.

1969ల మనం ఓడిపోయినమన్నరు. 1971 ఎన్నికల్ల తెలంగాణ ప్రజా సమితికి పద్నాలుగు సీట్లల్ల పది వచ్చినా, రాష్ట్రం రాలేదు. అప్పటి పోరగాండ్లు తెల్లజుట్టుతోని 2014 జూన్ 2 చూసిన్రు. నడుమ నలభై ఐదేండ్లు నవ్వినోళ్ల పేర్లు ఇప్పుడు ఎవరికి యాదికున్నయి?

అల్లంపల్లివారు ఆ దినం ఏం మాట్లాడదామనుకున్నరో ఆ సభ విననేలేదు. నేను తెలుగుల మాట్లాడిన, మీరు నవ్వకుండ విన్నరు.