చుక్కలను చూపు దుర్భిణి



కర్నూలు, కడప జిల్లాలకు వాన తక్కువయని అందరును వాపోవుదురు. ఆ కొరతలోనే ఒక లాభము కలదు. కార్తికము మొదలు ఫాల్గుణము వరకు ఈ సీమ రాత్రులలో పెక్కింట ఆకాశము నిర్మలముగా నుండును. ఆ ఆకాశమును దగ్గరగా చూడవలెనని గ్రంథాలయమువారో, పాఠశాలవారో చందాలు కూర్చి బైనాక్యులరు కొనబోవునపుడు మొదట అడుగు ప్రశ్న యొకటే: “ఇది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపును?” సొమ్ము వృథాయగుటకు ఆ ప్రశ్నయే తొలిమెట్టు.

బైనాక్యులరుపై 10×50 అనునట్టి అంకెలుండును. మొదటిది ఎన్ని రెట్లు పెంచునో తెలుపును. రెండవది ముందరి కటకపు వెడల్పు, మిల్లీమీటర్లలో. నక్షత్రమును ఇట్టి పరికరముతో ఎంత పెంచినను చుక్కగానే యుండును. దానికి కావలసినది వెలుగు. వాననీటికి మూతి వెడల్పయిన గంగాళము నెట్లు పెట్టుదుమో, వెలుగునకు వెడల్పయిన కటకమును అట్లే పెట్టవలయును. చీకటిలో యువకుని కనుపాప సుమారు 7 మిల్లీమీటర్లు విచ్చుకొనును. 50 మిల్లీమీటర్ల కటకము దానికంటె 50 రెట్లు వెలుగును పట్టును. అందుచేతనే జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయము నెలకొల్పిన దూరదర్శినిని 48 అంగుళములదనియు, కావలూరులోని దానిని 2.34 మీటర్లదనియు దర్పణపు వెడల్పుతోనే చెప్పుదురు.

కటకము పెంచక రెట్లు మాత్రమే పెంచినచో దృశ్యము మసకబారును. రెండవ అంకెను మొదటి దానితో భాగించినచో కంటిలోనికి వచ్చు వెలుగుకట్ట వెడల్పు తెలియును. 10×50కు అది 5 మిల్లీమీటర్లు, 20×80కి 4. 30×50కి 2 కంటె తక్కువ. అంతేకాక, 20 రెట్లు చూపునది చేతివణకును గూడ 20 రెట్లు చూపును. ఆకాశమున కనబడు మేరయు కుంచించుకొనిపోవును.

కావున ఒక్కటే కొనదలచినవారికి 10×50 తగినది. రెండవదానికి సొమ్మున్నచో 20×80 కొనవచ్చును. కాని అది రెండు కిలోలు తూగును గనుక మూడుకాళ్ల స్టాండునకు గూడ అప్పుడే సొమ్ము కేటాయింపవలయును. స్టాండు లేని పెద్ద బైనాక్యులరు బీరువాకే పరిమితమగును.

అంగడిలో దూరపు గోపురమునో, స్తంభమునో చూడవలయును. రెండు కన్నులకును ఒకే బొమ్మ కనబడవలయును. రెండుగా చీలినచో కొనరాదు. పిమ్మట దానిని వెలుతురువైపు త్రిప్పి, కొంచెము ఎడముగా పట్టి చూచినచో కంటివైపు కటకములలో రెండు వెలుగుబిళ్లలు తోచును. అవి గుండ్రముగా నుండుట మంచిది.

వాడునపుడు మొదట రెండు గొట్టములను కన్నుల ఎడమునకు సరిపరచవలయును. కుడికన్ను మూసి నడిమి చక్రముతో ఎడమకంటికిని, పిదప ఎడమకన్ను మూసి కుడి గొట్టపు వలయముతో కుడికంటికిని చూపు కుదుర్పవలయును. ఇరువది నిమిషములు చీకటిలో నున్న పిమ్మట కన్ను పదునెక్కును. టార్చికి ఎర్రకాగితము చుట్టినచో ఆ పదును చెడదు. 10×50ను నులకమంచముపై వెల్లకిల పరుండి పట్టినచో చేయి నిలుచును.

మాఘమాసపు సాయంకాలములందు కృత్తికలు ఒక్క చూపులో ఇముడును. మృగశిర చెంత వరుసగా నున్న మూడు చుక్కలకు దిగువన వెలుగుమబ్బు తోచును. 1610లో గెలీలియో కనుగొన్న గురుగ్రహపు నాలుగు ఉపగ్రహములును, ఆనిక గట్టిగా నున్నచో, కానవచ్చును. శని వలయములు మాత్రము 20 రెట్లకును స్పష్టముగా కానరావు; ఆ యాశ పెట్టుకొనరాదు. వేసవి రాత్రులందు దక్షిణమున, కడపనుండి సుమారు 28 డిగ్రీల ఎత్తున, ఒమేగా సెంటారి యను మహా నక్షత్రగుచ్ఛము దూదిపింజవలె కనబడును. లండను వాసులకు తమ యూరినుండి అది ఎన్నడును కానరాదు.

సూర్యుని దీనితో ఒక్క క్షణమైనను చూడరాదు. చూచినచో కన్ను శాశ్వతముగా పోవచ్చును. బాలురకు పగటివేళ దీనిని ఒంటరిగా ఈయరాదు. కటకముపై దుమ్మును పంచెకొంగుతో రుద్దరాదు. ముందు గాలితో ఊదవలయును. వానకాలమున బూజు పట్టకుండ పొడిపెట్టెలో నుంచవలయును.

బైనాక్యులరుతోపాటు ఒక నోటుపుస్తకమును గూడ ఉంచుట మేలు. మద్రాసు వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచార్యులు ఏండ్లకొలది నక్షత్రములను చూచి లెక్క వ్రాసినవాడు. ఆయన 1867లో ఒక నక్షత్రపు కాంతి మారుట కనిపెట్టెను. మరుసటి యేడు ఆగష్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును కర్నూలునకు ఉత్తరముననున్న వనపర్తినుండి పరిశీలించెను. గ్రామ గ్రంథాలయపు పుస్తకమునందును చూచినవారు, చూచిన తేదీ, కనబడినది వ్రాయబడవలయును. అందు ఎన్ని రాత్రులు చేరునో, చందాదారుల సొమ్మునకు అంత ప్రతిఫలము.