ఏలకుల వాసన వేసే వాఫల్

మార్చి 25న స్వీడన్‌లో ఇంటింటా వాఫల్స్ కాలుస్తారు. ఆ రోజు అసలు మరియమాత పండుగ, 'వోర్‌ఫ్రూదాగెన్'. జనం నోట నలిగి నలిగి అది 'వోఫెల్‌దాగెన్', అంటే వాఫల్ రోజు అయింది.

పక్కనున్న నార్వేలో వాఫల్ అయిదు హృదయాకారపు రేకుల పువ్వు. ఆ చలిదేశపు పాత వంటల్లో కూడా మన ఏలకుల పొడి ఉంటుంది! ఇంట్లో చేయాలంటే రెండు గ్లాసుల మైదా, రెండు గ్లాసుల పాలు, మూడు గుడ్లు, అర గ్లాసు చక్కెర, 100 గ్రాముల కరిగించిన వెన్న, అర చెంచా ఏలకుల పొడి ఉండలు లేకుండా కలపండి. అరగంట నాననివ్వాలి. దీన్ని మాత్రం వదలకండి. మైదా పాలను పీల్చుకుని పిండి చిక్కబడేది అప్పుడే.

వెన్న రాసిన అచ్చు బాగా కాలాకే పిండి పోయాలి, లేకుంటే అంటుకుపోతుంది. మన గులాబీ పువ్వుల గుత్తిని ముందుగా కాగిన నూనెలో ఉంచేదీ అందుకే. మొదటి వాఫల్ సరిగా రాకపోతే దిగులొద్దు, అచ్చు ఇంకా వేడెక్కలేదంతే.

మీ అమ్మమ్మగారి గులాబీ పువ్వుల కొలత ఎవరూ రాసిపెట్టి ఉండకపోతే, ఈ సాయంత్రమే ఆమె పక్కన కూర్చుని రాసుకోండి.