చర్మపు కాన్సర్ కోత - బిల్లులో అంకె
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మెడికల్ కోడింగ్ ఉద్యోగాల్లో ఉన్న మమ్మల్ని, "మీరు చేసే పనేమిటో నాలుగు మాటల్లో చెప్పండి" అని కార్యదర్శిగారు అడిగారు. మన పిల్లలు కొందరు హైదరాబాదులో ఈ పని చేస్తున్నారు. కంప్యూటరు ముందు కూర్చుని అమెరికా ఆస్పత్రుల కాగితాలు చూస్తారన్నంత వరకే ఇంట్లోవాళ్లకు తెలుసు. అందుచేత ఒక్క జబ్బును తీసుకుని ఆ పని ఎట్లా జరుగుతుందో విన్నవించుకుంటాం. ఆ జబ్బు చర్మపు కాన్సర్.

అమెరికాలో అన్ని కాన్సర్ల కన్నా ఎక్కువగా కనబడేది ఇదే. తెల్లని చర్మం మీద ఏళ్ల తరబడి పడిన ఎండ దీనికి ముఖ్య కారణం. చిన్న మచ్చగానో, మానని పుండుగానో మొదలవుతుంది. డాక్టరు దాన్ని కోసి తీసేస్తారు. ఆయన రాసిన కాగితం చదివి, చేసిన పనికి ఒక కోడు, జబ్బుకు ఒక కోడు వేయడం మా పని. పనికి వేసే కోడ్లను సి.పి.టి. అంటారు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఆ పుస్తకాన్ని మొదట 1966లో తెచ్చింది. జబ్బుకు వేసే ఐ.సి.డి.-10 కోడ్లు అక్కడ 2015 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. ఈ రెంటినీ చూసే ఇన్సూరెన్సువారు డబ్బు చెల్లిస్తారు.

ఒక పెద్దాయనకు ముక్కు మీద 1 సెంటీమీటరు పుండు ఉందనుకోండి. కాన్సర్ మిగలకుండా డాక్టరు చుట్టూ 4 మిల్లీమీటర్ల మంచి చర్మం కూడా కలిపి తీశారు. ఇటు 0.4, అటు 0.4 కలిపితే 1.8 సెంటీమీటర్లు. ముఖం మీద 1.1 నుంచి 2 సెంటీమీటర్ల వరకు కాన్సర్ కోతకు 11642 వేయాలి. పుండు కొలత ఒక్కటే చూసి 11641 వేస్తే డాక్టరుకు నష్టం. కోసిన ముక్కను ఫార్మలిన్‌లో వేస్తే కుంచించుకుపోతుంది. కనుక లాబొరేటరీ కొలత పనికిరాదు, కోయకముందు డాక్టరు రాసిన కొలతే ప్రమాణం.

అయితే జబ్బు పేరు మాత్రం లాబొరేటరీయే చెప్పాలి. ముక్కు మీది బేసల్ సెల్ కాన్సర్ అని తేలితే సి44.311. మామూలు మచ్చ అని తేలితే కోత కోడు కూడా మారి 11442 అవుతుంది. రిపోర్టు రాకముందే తొందరపడి కాన్సర్ అని వేస్తే, లేని కాన్సర్ ఆ మనిషి రికార్డులోకి ఎక్కిపోతుంది!

ఇక మోస్ పద్ధతి ఉంది. ఫ్రెడరిక్ మోస్ అనే డాక్టరు 1930లలో విస్కాన్సిన్‌లో కనిపెట్టింది. పొరలు పొరలుగా కోస్తూ, ఒక్కొక్క పొరను మైక్రోస్కోపులో చూస్తూ పోతారు. ముఖం మీద మొదటి దశకు 17311, తర్వాతి ఒక్కొక్క దశకు 17312. కోసినవారే స్వయంగా మైక్రోస్కోపులో చూసి ఉండాలి. చూసినవారు వేరే డాక్టరైతే ఈ కోడ్లు చెల్లవు. కుట్ల సంగతీ అంతే. మామూలు కోతలో సాదా కుట్ల కూలి కోతలోనే కలిసి ఉంటుంది. దానికి మళ్లీ విడిగా బిల్లు వేస్తే ఒకే పనికి రెండుసార్లు డబ్బు అడిగినట్లే గదా!

ఇందులో పోయేది ఇన్సూరెన్సు సొమ్మే కదా అనుకోకండి. అక్కడ 65 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ మెడికేర్ ఉంది. ఏడాదికి ఇంత అని ముందుగా తాము కట్టుకోవలసింది కట్టాక కూడా, డాక్టరు ఫీజులో మామూలుగా 20 శాతం రోగి వంతుకు వస్తుంది. వేరే ఇన్సూరెన్సు లేనివారు అది చేతి నుంచి పెట్టుకోవాలి. మనం ఎక్కువ కోడు వేస్తే ఆ ముసలాయన జేబే చిరుగుతుంది. తెలిసి తప్పుడు బిల్లు ప్రభుత్వానికి పంపితే మూడింతల నష్టపరిహారం, జరిమానా కూడా కట్టించే చట్టం ఉంది. అది 1863 నాటి చట్టం.

మా తప్పు కూడా చెప్పుకుంటాం. కొత్తలో, చుట్టూ ఎంత చర్మం తీశారో కాగితంలో లేకపోతే, "ఎప్పుడూ ఇంతే గదా" అని మేమే ఊహించి వేశాం. రోజుకు ఇన్ని కాగితాలు పూర్తి చేయాలన్న తొందర అది. తనిఖీ చేసిన పెద్దావిడ పట్టుకుని, "రాయనిదాన్ని మీరెట్లా చూశారు?" అని అడిగింది. తలదించుకున్నాం. డాక్టరుకు ప్రశ్న రాసి పంపాలి, జవాబు రాకపోతే రాసి ఉన్నంత వరకే వేయాలి. ఆనాటి నుంచి అదే మా నియమం.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. "ఉద్యోగం గ్యారంటీ" అన్న బోర్డు చూసి ఫీజు కట్టేయకండి. పిల్లవాడికి శరీర నిర్మాణం మీద ఆసక్తి ఉందా, ఇంగ్లీషు కాగితం ఓపికగా చదవగలడా, ముందు చూడండి. చేరాక మాత్రం నెల జీతంతోపాటు, "ఇవాళ తెలియనిచోట అడిగావా, ఊహించావా?" అని కూడా అడగండి. ముఖం తెలియని మనిషి జబ్బు, సొమ్ము మన చేతిలో పెట్టిన అమానత్. చేసినదానికన్నా ఎక్కువ రాయకుండా, తక్కువా రాయకుండా దాన్ని అప్పజెప్పాలి.